అల్ఫ్రెడ్ డోబ్లిన్ నవలలు: ఎక్కడ మొదలుపెట్టాలి? ‘బెర్లిన్ అలెగ్జాండర్‌ప్లాట్జ్’ చదవడం మధ్యలో ఎందుకు ఆగిపోతుంది?

#1 చదువరి77

మా పఠన బృందం ఈ విడతకి జర్మన్ నవలాకారుడు అల్ఫ్రెడ్ డోబ్లిన్‌ని (1878–1957) తీసుకుంది. ‘బెర్లిన్ అలెగ్జాండర్‌ప్లాట్జ్’ పేరు తప్ప ఎక్కువమందికి ఆయన గురించి ఏమీ తెలీదు. కొందరు ఇంగ్లీషు అనువాదంలో, కొందరు జర్మన్‌లో చదువుతారు. నా ప్రశ్నలివి. ఆ నవలతోనే మొదలుపెట్టాలా, ముందు చిన్నదేదైనా చదవాలా? రెండో భాగం దగ్గరికి వచ్చేసరికి చాలామంది వదిలేస్తారు, కారణమేంటి? ఐరిష్ రచయిత జేమ్స్ జాయిస్‌ని చూసి రాశాడన్న మాటలో నిజమెంత? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

#2 కాగితప్పడవ

ముందు ‘బటర్‌కప్ పువ్వు హత్య’ అనే కథ చదివించండి. 1910లో హెర్వార్త్ వాల్డెన్ నడిపిన ‘డెర్ స్టుర్మ్’ పత్రికలో వచ్చింది. అప్పుడే పుట్టిన ఆ పత్రికే తర్వాత బెర్లిన్ ఎక్స్‌ప్రెషనిస్టులకి (బయటి రూపం కన్నా లోపలి ఉద్వేగానికి పెద్దపీట వేసినవాళ్లు) గూడయింది. కథలో మైకేల్ ఫిషర్ అనే వ్యాపారి నల్ల సూటు వేసుకుని అడుగులు లెక్కపెట్టుకుంటూ అడవి దారిలో నడుస్తుంటాడు. చేతికర్రతో ఒక పువ్వు తల కొట్టేస్తాడు. ఇక అక్కణ్ణించి భయం. ఆ పువ్వుకి ఎలెన్ అని పేరు పెడతాడు, దాని పేర ఖాతా తెరిచి డబ్బు జమ చేస్తాడు, పరిహారంగా ఇంకో మొక్కని తెచ్చి కుండీలో పెంచుతాడు. ఎందుకిలా చేస్తున్నాడో రచయిత ఒక్క మాట చెప్పడు. ఏం చేశాడో వరసగా చెప్పుకుపోతాడంతే. ఒక్క కూచోడంలో అయిపోయే కథ. దీనికి అలవాటు పడ్డవాళ్లకి పెద్ద నవలలో సగం ఇబ్బంది తీరిపోతుంది.

ఇక నవల. తొమ్మిది భాగాలు. ప్రతి భాగం ముందు నాలుగు వాక్యాల సారాంశం ఉంటుంది, మొత్తానికి ముందుగా ఒక పీఠిక ఉంటుంది. చాలామంది వీటిని దాటేసి నేరుగా కథలోకి వెళ్తారు. అదే పొరపాటు. ఏం జరగబోతోందో డోబ్లిన్ కావాలనే ముందే చెప్పేస్తాడు. మన హరికథలో, బుర్రకథలో కథ అందరికీ తెలిసినదే, అయినా కూర్చుని వింటాం. ఇక్కడా అంతే, “తర్వాత ఏమవుతుంది” అన్న ఆత్రం పక్కనపెట్టి, జరుగుతున్నదాన్ని చూడమంటాడు.

వెన్నెముక ఇది. ఫ్రాంజ్ బీబర్‌కోఫ్ సిమెంటు పని, రవాణా పని చేసిన కూలీ. ఇడా అనే స్త్రీని కొట్టి చంపిన నేరానికి టేగెల్ జైల్లో నాలుగేళ్లు ఉండి బయటికొస్తాడు. ఇక నిజాయితీగా బతకాలని ఒట్టు పెట్టుకుంటాడు. మూడు దెబ్బలు తగులుతాయి. మొదటిది మూడో భాగంలో, తోటి చిల్లర వ్యాపారి ల్యూడర్స్ చేసిన మోసం. రెండోది ఐదో భాగంలో, దొంగల ముఠాలోని రైన్‌హోల్డ్ అతన్ని నడుస్తున్న కారులోంచి తోసేస్తాడు, కుడి చెయ్యి పోతుంది. మూడోది ఏడో భాగంలో, అదే రైన్‌హోల్డ్ ఫ్రాంజ్ ప్రేమించిన మీట్సెని ఫ్రైయెన్‌వాల్డె అడవిలో చంపుతాడు. ఈ మూడు చోట్లా గుర్తు పెట్టుకుని చదివితే దారి తప్పరు.

రెండో భాగంలో ఆగిపోవడానికి కారణం: అక్కడ ఫ్రాంజ్ కొన్ని పేజీలపాటు కనబడడు. ఊరే మాట్లాడుతుంది. నగరపాలక శాఖల చిహ్నాలు, వర్తకం, వీధుల శుభ్రత, ఆరోగ్యం, ఇలా బొమ్మలతో సహా అచ్చేసి ఉంటాయి. తర్వాత రోజెన్‌థాలర్ ప్లాట్జ్, 68వ నంబరు ట్రామ్ ఆగే స్టాపుల జాబితా, ట్రామ్ ఎక్కిన ఒక కుర్రాడి భవిష్యత్తు మొత్తం మూడు నాలుగు వాక్యాల్లో. ఇవన్నీ బట్టీ పట్టాల్సిన పని లేదు. ఆ భాగాన్ని పైకి చదవండి. ఒకళ్లు చదువుతుంటే మిగతావాళ్లు వినండి.

#3 వేపచెట్టు

డోబ్లిన్ వైద్యుడన్న సంగతి చదివేటప్పుడు మనసులో ఉంచుకోవాలి, ఆయన వాక్యం వెనక ఉన్నది ఆ చదువే. 1905లో ఫ్రైబుర్గ్‌లో ఆల్‌ఫ్రెడ్ హోఖే దగ్గర డాక్టరేటు చేశాడు. విషయం కోర్సకోఫ్ సైకోసిస్‌లో జ్ఞాపకశక్తి లోపాలు. ఆ జబ్బున్నవాళ్లు మరిచిపోయిన చోటుని కల్పనతో నింపుతారు, అది కల్పన అని వాళ్లకే తెలీదు. తర్వాత రేగెన్స్‌బుర్గ్ మానసిక వైద్యశాలలోనూ, 1906 నుంచి బెర్లిన్ శివార్లలోని బూఖ్ వైద్యశాలలోనూ పనిచేశాడు. 1911లో సొంత ప్రాక్టీసు పెట్టాడు. బెర్లిన్ తూర్పు వైపు కార్మిక వాడల్లో బీమా రోగుల్ని చూసే నరాల వైద్యుడు. ఫ్రాంజ్ లాంటివాళ్ల మాట తీరు ఆయనకి రోజూ చెవిన పడేదే.

1913లో రాసిన ‘బెర్లిన్ కార్యక్రమం’ అనే వ్యాసంలో నవలాకారులకి సూటిగా ఒక సలహా ఇచ్చాడు: సైకియాట్రీని చూసి నేర్చుకోండి. అది జరిగినదాన్ని, కదలికల్ని నమోదు చేస్తుంది. “ఎందుకు”, “ఎలా” అంటే భుజాలు ఎగరేస్తుంది. రచయిత పెత్తనం పోవాలన్నాడు. సినిమాలా బిగించి రాయాలన్నాడు, దానికి ‘కినో శైలి’ అని పేరు పెట్టాడు.

నవలలో దీనికి మంచి ఉదాహరణ మొదటి రెండు భాగాల్లో వచ్చే ఇడా చావు. ఫ్రాంజ్ ఆమెని మీగడ గిలక్కొట్టే చెక్క కవ్వంతో కొట్టాడు. డోబ్లిన్ అక్కడ కోపం గురించి రాయడు, పశ్చాత్తాపం గురించీ రాయడు. న్యూటన్ గతి నియమాలు చెప్పి, సూత్రం కూడా అచ్చేసి, ఛాతీ మీద పడ్డ బలం ఎంత, పక్కటెముకలు ఎలా విరిగాయి అన్నది లెక్కగా చెబుతాడు. అది హృదయం లేకపోవడం కాదు. “ఆవేశంలో చేశాడు” అనేస్తే మనం వెంటనే క్షమించేసేవాళ్లం. ఆ వెసులుబాటు ఆయన మనకి ఇవ్వలేదు.

తొమ్మిదో భాగంలో ఫ్రాంజ్‌ని తీసుకెళ్లేది బూఖ్‌కే. అక్కడి వైద్యులు అతని మౌనానికి కారణమేంటని వాదించుకుంటారు, ముక్కులోంచి గొట్టం వేసి ఆహారం పంపిస్తారు. తను పనిచేసిన చోటే కాబట్టి ఆ వార్డు వాతావరణంలో ఒక్క తప్పు అడుగు ఉండదు.

ఇంకో చిన్న పుస్తకం చేర్చండి: ‘ఇద్దరు స్నేహితురాళ్లు, వాళ్లు పెట్టిన విషం’ (1924). బెర్లిన్‌లో నిజంగా నడిచిన ఆర్సెనిక్ హత్య కేసు. చివర్లో చేతిరాత విశ్లేషణలు, ఎవరి మీద ఎవరి ప్రభావం ఎప్పుడెంతో చూపే పటాలు పెట్టాడు. ఇన్ని పెట్టి కూడా, అసలు కారణం ఇదీ అని తేల్చలేమనే చోటికే వస్తాడు.

#4 పాతపుస్తకం

జాయిస్ ప్రశ్నకి తేదీలే సమాధానం. జాయిస్ నవల ‘యులిసిస్’ జర్మన్ అనువాదం 1927లో వచ్చింది. డోబ్లిన్ దాని మీద సమీక్ష రాసింది 1928లో, చాలా మెచ్చుకుంటూ. అప్పటికే తన నవల రాస్తున్నాడు. జాయిస్ తన తెరచాపకి మంచి గాలి అయ్యాడని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. కాబట్టి ప్రభావం లేదనడం తప్పు, చూసి రాశాడనడం అంతకన్నా తప్పు. కినో శైలి గురించి ఆయన రాసింది 1913లో, ‘యులిసిస్’ పుస్తకంగా వచ్చింది 1922లో.

ఇద్దరి పనితనమూ వేరు. జాయిస్ మనిషి తలలోకి దిగుతాడు. డోబ్లిన్ ఊరిని పట్టుకొచ్చి మనిషి తల మీద పోస్తాడు. ఆయన చేతిరాత ప్రతిలో పేపరు కత్తిరింపులు నేరుగా అతికించి ఉన్నాయి. అది మార్బాఖ్‌లోని జర్మన్ సాహిత్య భాండాగారంలో ఉంది. వాతావరణ సూచన, కోర్టు వార్త, ప్రకటన, సినిమా పాట, బైబిల్ వాక్యం, అన్నీ కథనంలోకి వచ్చేస్తాయి. వచ్చేటప్పుడు “ఫ్రాంజ్ పేపరు తెరిచి ఇలా చదివాడు” అన్న వాకిలి ఉండదు. ఆ వాకిలి తీసేయడమే అసలు కిటుకు.

ఈ పద్ధతిని అనుకరించేవాళ్లు తప్పేది ఎక్కడంటే, ఏ ముక్కనైనా ఎక్కడైనా అతికించొచ్చు అనుకుంటారు. నాలుగో భాగంలోని కబేళా అధ్యాయం చూడండి. ముందు మార్కెట్‌కి వచ్చిన సరుకు లెక్క: 1399 పశువులు, 2700 దూడలు, 4654 గొర్రెలు, 18,864 పందులు. తర్వాత భవనాల వర్ణన, పందుల్ని, ఎద్దుని, చిన్న దూడని ఎలా చంపుతారో వరసగా. వీటి నడుమ బైబిల్ ప్రసంగి గ్రంథంలోని మాట: మనుష్యులకి సంభవించేది, మృగాలకి సంభవించేది ఒకటే. మధ్యలో యోబు కథ. ఇదంతా మొదటి దెబ్బ తిని ఫ్రాంజ్ గదిలో పడి తాగుతున్న సమయంలో వస్తుంది. మూడు భాగాల తర్వాత మీట్సె చనిపోయే చోట కబేళా వాక్యాలు మళ్లీ వినిపిస్తాయి. మొదటిసారి వివరాల కుప్పలా అనిపించినది రెండోసారి గుండెకి తగులుతుంది. కబేళా అధ్యాయం దాటేస్తే ఏడో భాగం సగమే చదివినట్టు.

అందుకని మీ బృందానికి ఒక పని చెప్తాను. పెన్సిల్‌తో పుస్తకం అంచున నాలుగు గుర్తులు పెట్టుకోమనండి: ఊరి శబ్దం, బైబిల్, పాట, గణాంకం. “మృత్యువనే కోతగాడు ఒకడున్నాడు” అన్న పాత పాట ఎన్నిచోట్ల వస్తుందో, అలెగ్జాండర్‌ప్లాట్జ్‌లో గుంజలు దిగేసే ఆవిరి యంత్రం ‘రుమ్ రుమ్’ ఎక్కడెక్కడ మోగుతుందో కనబడుతుంది. నవల అప్పుడు అస్తవ్యస్తంగా అనిపించదు.

#5 కాగితప్పడవ

పాతపుస్తకం గారూ, ఒక చోట మీతో విభేదిస్తాను. నవల అంటే వానపాములాగా ఉండాలి, పది ముక్కలు చేసినా ప్రతి ముక్కా తనంతట తాను కదలాలి అని డోబ్లిన్ 1917లో రాశాడు. ఆయన నవల ‘వాలెన్‌స్టైన్’ (1920) దానికి సరిపోతుంది. ‘అలెగ్జాండర్‌ప్లాట్జ్’ మాత్రం అలా కాదు. మూడు దెబ్బలు, ఒక మలుపు, ఒక మేలుకొలుపు, చాలా కట్టుదిట్టమైన నిర్మాణం. మీరు చెప్పిన ప్రతిధ్వనులే అందుకు సాక్ష్యం. తన సిద్ధాంతాన్ని తనే దాటేశాడు, అందుకే ఆ ఒక్క పుస్తకం అంతమందికి చేరింది అని నా అభిప్రాయం.

#6 పాతపుస్తకం

నిర్మాణం కట్టుదిట్టం అన్నది ఒప్పుకుంటాను. కానీ ముగింపు చూడండి. ఫ్రాంజ్ మారిన మనిషై, ఒక ఫ్యాక్టరీలో గేటు దగ్గర సహాయ కాపలాదారుగా చేరతాడు. బయట జనం జెండాలతో కవాతు చేస్తున్నారు, చేరాలా వద్దా అని నిలబడి చూస్తాడు. అది మేలుకొలుపా, కొత్త ప్రమాదమా? 1929 అక్టోబరులో అచ్చయిన పుస్తకం అది, హిట్లర్ అధికారానికొచ్చిన 1933 ఎంత దూరంలో ఉందో మనకి తెలుసు. ఆ చివరి పేజీలు కావాలనే తెరిచి వదిలాడు. అక్కడ వానపాము ఇంకా బతికే ఉంది.

#7 చదువరి77

ఇద్దరికీ ధన్యవాదాలు. ఇంకో సందేహం. ఆయన్ని ఎక్స్‌ప్రెషనిస్టు అనడం సరైనదేనా? 1929 నవలకి ఆ ముద్ర సరిపోవడం లేదనిపిస్తోంది.

#8 అనువాదలోకం

తొలి పదిహేనేళ్లకి సరిపోతుంది. ముఖ్యమైన పుస్తకం ‘వాంగ్ లున్ మూడు గంతులు’. 1912–13లో రాశాడు, 1916లో ఫోంటానె బహుమతి వచ్చింది. 1774లో చైనాలోని షాన్‌డాంగ్‌లో జరిగిన వాంగ్ లున్ తిరుగుబాటు దానికి ఆధారం. ఎదురు తిరగకుండా బతకాలన్న తావో మార్గం పట్టినవాళ్లని రాజ్యం బతకనివ్వకపోతే ఏం చేయాలి అన్నది ప్రశ్న. చైనా చూడలేదు, అంతా పుస్తకాల నుంచే. తత్వవేత్త మార్టిన్ బూబర్‌ని కూడా పుస్తకాల కోసం అడిగాడు. ఇందులో ఒక్క నాయకుడి కన్నా జనసమూహం పెద్ద పాత్ర. వాక్యాలు క్రియల మీద పరుగెడతాయి, కామాలు మింగేస్తాయి.

‘పర్వతాలు సముద్రాలు మహాకాయులు’ (1924) అయితే భవిష్యత్తులోకి కొన్ని శతాబ్దాలు వెళ్తుంది. ఐస్‌లాండ్ అగ్నిపర్వతాల్ని బద్దలుకొట్టి ఆ వేడిని టూర్మలిన్ అనే ఖనిజం పొరల్లో పట్టి తీసుకెళ్లి గ్రీన్‌లాండ్ మంచు కరిగిస్తారు. మంచు కింది నుంచి పాత జీవరాశి వికృతంగా లేచి వస్తుంది. పెద్ద పుస్తకం, అలిసిపోతారు. గ్రీన్‌లాండ్ అధ్యాయాలు మాత్రం బృందంలో ఒకరు చదివి మిగతావాళ్లకి చెబితే చాలు.

తెలుగువాళ్లు తప్పక చూడాల్సింది ‘మానస్’ (1927). గద్యం కాదు, స్వేచ్ఛా ఛందస్సులో రాసిన కావ్యం. యుద్ధంలో గెలిచి వచ్చిన మానస్ హిమాలయాల్లో శివుడి అధీనంలో ఉన్న మృతుల క్షేత్రానికి వెళ్లి, చనిపోయినవాళ్ల బాధంతా తనే భరించాలనుకుంటాడు. తట్టుకోలేకపోతాడు. అతని శరీరాన్ని మూడు భూతాలు ఆక్రమిస్తాయి. అతన్ని వెతుక్కుంటూ వెళ్లే భార్య పేరు సావిత్రి. మన సావిత్రీ సత్యవంతుల కథని మనసులో పెట్టుకుని చదివితే మాత్రం తికమకపడతారు: ఇక్కడ యముడితో వాదన లేదు, వరాలు లేవు, సావిత్రి చివరికి శివుడి శక్తిగా తేలుతుంది. పేరు మనది, కథ డోబ్లిన్‌ది. ఆస్ట్రియా నవలాకారుడు రాబర్ట్ ముసిల్ గొప్పగా సమీక్షించినా పుస్తకం అమ్ముడుపోలేదు. కానీ గర్వంతో వెళ్లిన మగవాడు పగిలిపోయి, ఒక స్త్రీ బలితో తిరిగి మనిషవడం అన్న నడక చూస్తే, రెండేళ్ల తర్వాత బీబర్‌కోఫ్ నడిచింది ఆ దారే. ‘మానస్’ లేకుండా ‘అలెగ్జాండర్‌ప్లాట్జ్’ లేదు.

#9 స్ప్రే ఒడ్డున

బెర్లిన్‌లో ఉన్న తెలుగువాళ్లకి ఒక మాట. అలెగ్జాండర్‌ప్లాట్జ్‌కి వెళ్లి నవలని వెతక్కండి, నిరాశ పడతారు. అక్కడ ఇప్పుడు కనిపించే పాత భవనాలు రెండూ, పీటర్ బేరెన్స్ కట్టిన అలెగ్జాండర్‌హౌస్, బెరోలీనాహౌస్, 1930 తర్వాతివి. నవలలో ఆ కూడలి అంతా తవ్విపోసి ఉంటుంది, భూగర్భ రైలు పని నడుస్తోంది. నవలలోని ఆషింగర్ హోటలు, టీట్జ్ దుకాణం ఇప్పుడు లేవు. దానికి బదులు రోజెన్‌థాలర్ ప్లాట్జ్ నుంచి బ్రున్నెన్‌స్ట్రాస్సె, లీనియెన్‌స్ట్రాస్సె నడవండి. ఫ్రాంజ్ తిరిగిన వీధుల ఆకారం అక్కడ మిగిలుంది. టేగెల్ జైలు ఇప్పటికీ జైలే. కబేళా ఉన్న చోట, స్టోర్‌కోవర్ స్ట్రాస్సె స్టేషను పక్కన, ఇప్పుడు ఇళ్లున్నాయి; ఆ స్టేషను పేరే ఒకప్పుడు ‘కేంద్ర పశువుల సంత’.

సినిమాల గురించి కూడా క్లుప్తంగా. 1931లో పీల్ యుట్సి తీసినది గంటన్నర, హైన్రిఖ్ గేయోర్గె ఫ్రాంజ్‌గా. నవలలోని ఊరి గొంతు అందులో దాదాపు లేదు. 1980లో దర్శకుడు ఫాస్‌బిండర్ టీవీ కోసం తీసినది 13 భాగాలు, పైన ఒక ఉపసంహారం, సుమారు 15 గంటలు. అది నవల చదివాకే చూడండి. ముందే చూస్తే ఫ్రాంజ్, రైన్‌హోల్డ్‌ల మధ్య సంబంధం ఫాస్‌బిండర్ చూపినట్టే మనసులో పడిపోతుంది, పుస్తకంలో ఊరికి ఉన్న చోటు చిన్నదైపోతుంది.

#10 లెక్కల పుస్తకం

జీవితం గురించి ఎవరూ రాయలేదు కాబట్టి చెబుతున్నాను. స్టెటిన్‌లో యూదు కుటుంబంలో పుట్టాడు, ఆ ఊరు ఇప్పుడు పోలండ్‌లో ఉంది. తండ్రి దర్జీ. 1888లో తనకన్నా బాగా చిన్నదైన ఒక అమ్మాయితో అమెరికా వెళ్లిపోయాడు. తల్లి ఐదుగురు పిల్లలతో బెర్లిన్ చేరింది. రైష్‌స్టాగ్ (జర్మన్ పార్లమెంటు భవనం) తగలబడ్డ మర్నాడు, 1933 ఫిబ్రవరి 28న, డోబ్లిన్ దేశం వదిలాడు. జ్యూరిక్, తర్వాత పారిస్. మే 10న పుస్తకాలు తగలబెట్టినప్పుడు ఆయనవీ ఆ మంటల్లో ఉన్నాయి. 1936లో ఫ్రెంచి పౌరసత్వం వచ్చింది. 1940లో ఫ్రాన్సు పడిపోయాక లిస్బన్ మీదుగా అమెరికా. హాలీవుడ్‌లో ఎమ్‌జీఎమ్ సినిమా సంస్థలో ఒక ఏడాది, వారానికి 100 డాలర్లు. 1941లో కాథలిక్ మతం తీసుకున్నాడు, నాటకకర్త బ్రెహ్ట్ లాంటి మిత్రులకి అది మింగుడుపడలేదు.

రెండో కొడుకు వోల్ఫ్‌గాంగ్ గణితజ్ఞుడు. సంభావ్యతా శాస్త్రంలో ఇరవైల్లోనే పెద్ద పేరు. ఫ్రెంచి సైన్యంలో ఉండగా, ఖాళీ దొరికినప్పుడల్లా పాఠశాల నోటు పుస్తకంలో కోల్మొగొరోవ్ సమీకరణం (యాదృచ్ఛికంగా మారే ప్రక్రియల్ని వర్ణించేది) మీద పని చేసి, 1940 ఫిబ్రవరిలో దాన్ని సీలు వేసిన కవరులో ఫ్రెంచి సైన్సు అకాడమీకి పంపాడు. జూన్ 21న, జర్మన్ సేనలు చుట్టుముడుతుంటే, వోజ్ కొండల్లోని ఉస్సెరా గ్రామంలో కాగితాలు తగలబెట్టి తనని తాను కాల్చుకున్నాడు. ఆ కవరు విప్పింది 2000 మే నెలలో. తర్వాత జపాన్ గణితజ్ఞుడు ఇటో పేరుతో ప్రపంచమంతా వాడుకుంటున్న సూత్రానికి చాలా దగ్గరి ఫలితం అందులో ఉంది. తల్లిదండ్రులకి కొడుకు మరణవార్త అందింది 1945లో. డోబ్లిన్ 1957 జూన్ 26న పోయాడు, భార్య ఎర్నా అదే సెప్టెంబరులో ప్రాణం తీసుకుంది. ముగ్గురి సమాధులూ ఉస్సెరాలోనే పక్కపక్కన ఉన్నాయి. 1945–46లో రాసిన ‘హామ్లెట్’ నవల యుద్ధం నుంచి గాయపడి వచ్చిన కొడుకు ఇంట్లోవాళ్లని నిలదీయడం గురించి. ఈ సంగతి తెలియకుండా అది చదవకూడదు.

#11 పాతపుస్తకం

‘హామ్లెట్’ ప్రస్తావన వచ్చింది కాబట్టి అచ్చుప్రతుల గురించి రెండు జాగ్రత్తలు. డోబ్లిన్ మొదట రాసిన ముగింపులో కథానాయకుడు మఠంలో చేరతాడు. 1956లో తూర్పు బెర్లిన్‌లో అచ్చయినప్పుడు అది మారి, కొత్త జీవితం మొదలైందన్న వాక్యంతో ముగిసింది. రెండోది ‘నవంబర్ 1918’. పూర్తి రచన నాలుగు సంపుటాలు, 1918 నవంబరు జర్మన్ విప్లవం నుంచి విప్లవ నాయకులు రోజా లక్సెంబుర్గ్, కార్ల్ లీబ్‌క్నెష్ట్‌ల హత్య దాకా. యుద్ధం తర్వాత జర్మనీలో అచ్చయినవి మూడే. మొదటి సంపుటం జర్మనీ, ఫ్రాన్సుల మధ్య చేతులు మారిన అల్సాస్‌లో నడుస్తుంది కాబట్టి ఫ్రెంచి సెన్సారు ఆపేసింది. పాత పుస్తకాల షాపులో 1948–50 నాటి మూడు సంపుటాల సెట్టు కొంటే మొదలు లేని కథ చేతికొస్తుంది. 1978 తర్వాతి నాలుగు సంపుటాల ప్రచురణే తీసుకోండి.

#12 చదువరి77

చివరిగా ఒకటి. బృందంలో ఒకరు కొన్ని అధ్యాయాలు తెలుగు చేస్తామంటున్నారు. హక్కుల సంగతి ఏంటి?

#13 అనువాదలోకం

మన దేశంలో రచయిత పోయిన మరుసటి ఏడాది మొదటి నుంచి 60 ఏళ్లు కాపీరైటు. డోబ్లిన్ 1957లో పోయాడు కాబట్టి, ఆయన బతికుండగా అచ్చయిన జర్మన్ మూలాలకి 2018 జనవరి 1 నుంచి ఇక్కడ అనుమతి అక్కర్లేదు. యూరప్‌లో 70 ఏళ్లు, అంటే 2027 చివరిదాకా హక్కులు నడుస్తాయి. ఈలోగా జర్మనీలో ఉన్న తెలుగువాళ్లకి పుస్తకం అమ్మాలంటే హక్కుదారుల్ని అడగాలి.

ఇంగ్లీషు నుంచి చేస్తే లెక్క మారుతుంది. మైకేల్ హోఫ్‌మన్ అనువాదం 2018ది, దాని హక్కులు వేరు, అనుమతి లేకుండా దాన్నుంచి తెలుగు చేయకూడదు. యూజీన్ జోలాస్ 1931లో చేసిన అనువాదం ఇండియాలో స్వేచ్ఛగా వాడుకోవచ్చు, ఆయన 1952లో పోయాడు. కానీ జోలాస్ అమెరికన్ యాసలో చేశాడు, దాని మీద ఆధారపడితే బెర్లిన్ కూలీ అమెరికా గల్లీ మనిషైపోయి తెలుగులోకి వస్తాడు. జర్మన్ వచ్చినవాళ్లు మూలం పక్కన పెట్టుకుని, హోఫ్‌మన్‌ని అర్థం సరిచూసుకోడానికి మాత్రం వాడండి. మొదట ఏడో భాగం జోలికి వెళ్లకుండా కబేళా అధ్యాయం చేయండి. అందులో యాస తక్కువ, లయ ఎక్కువ. మన బైబిలు తెలుగు కూడా చేతికి అందివస్తుంది.